గుట్ట, చెరువు, పొద్దుగూకే వెలుగు

రిచర్డ్ విల్సన్ అనే వేల్స్ చిత్రకారుడు ఇటలీలో ఆరేడేళ్లు గడిపి, అక్కడ అలవడిన చూపుతో సొంత సీమ కొండలను గీశాడు. ఆయన శిష్యుడొకరు మద్రాసు దాకా వచ్చి, మన వైపు రాకుండానే మళ్లిపోయాడు. తెలంగాణ గుట్టల వంతు రావడానికి మరో నూటయాభై ఏళ్లు పట్టింది. ఆ పని చేసింది మానుకోట బిడ్డ.

ముందు నీడ పడిన గట్టు. దాని మీద గాలాలు వేసుకుని చేపలు పడుతున్న మనుషులు. వాళ్ల ముందు కదలని నీళ్లు. ఎడమ నుంచి ఒక గుట్ట, కుడి నుంచి ఒక గుట్ట వాలుగా దిగివచ్చి నీటి అంచున ఆగాయి. ఆ రెండింటి సందులోంచి, బాగా వెనక, ఒక పెద్ద శిఖరం లేచి ఉంది. ఆకాశంలో ఆర్భాటమేమీ లేదు. పల్చటి వెలుగు అంతటా సమంగా పరుచుకుని ఉంది.

లివర్‌పూల్‌లోని వాకర్ ఆర్ట్ గ్యాలరీలో ఉన్న ఈ తైలవర్ణ చిత్రం పేరు 'నాంట్లె సరస్సు నుంచి స్నోడన్'. 1765 ప్రాంతంలో రిచర్డ్ విల్సన్ గీశాడు. పేరూ ఊరూ చెప్పకుండా దీన్ని భూపాలపల్లి జిల్లా ఘనపురంలోనో, మానుకోట పక్కన బయ్యారంలోనో చూపిస్తే 'ఇది ఏ చెరువు?' అని అడుగుతారు. ఏ దేశమని అడగాలని తోచదు. మత్తడి ఎటుందో వెతుకుతారు.

స్నోడన్ ఇప్పుడు ఏటా లక్షలమంది ఎక్కే కొండ. విల్సన్ నాటికి అది చాలామందికి పంట పండని, బండి నడవని రాతి దిబ్బ. అంతకన్నా ఆశ్చర్యమేమంటే, ఆ సీమలోనే పుట్టిన విల్సన్ కూడా యాభై ఏళ్ల వయసు వచ్చేదాకా దాన్ని ఈ తీరున గీయలేదు. ముందు ఇటలీ వెళ్లాల్సి వచ్చింది.

విల్సన్ 1714లో వేల్స్‌లోని పెనెగోస్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. మన లెక్కలో చెప్పాలంటే, జనగామ పక్కన షాపూర్‌లో కోట కట్టి మొఘలులకు కంటిమీద కునుకు లేకుండా చేసిన సర్వాయి పాపన్నను చంపేసి అప్పటికి నాలుగేళ్లు. తండ్రి చర్చిలో మతగురువు. కొడుక్కి ఇంట్లోనే లాటిన్ చెప్పాడు. వర్జిల్, హోరేస్ కవిత్వం పిల్లవాడి నోట్లో నానింది. అలా ఇటలీని చూడకముందే అక్కడి పొలాలు, కాపరులు, సెలయేళ్లు అతనికి తెలిసిన ఊళ్లయిపోయాయి.

1729లో లండన్ చేరి థామస్ రైట్ అనే చిత్రకారుడి దగ్గర పనిలో కుదిరాడు. నేర్చింది రూపచిత్రాలు గీయడం. ఆ రోజుల్లో బొమ్మలకు కూడా అంతస్తులుండేవి. దేవతలు, రాజులు, యుద్ధాలు పైమెట్టు మీద. తరవాత మనిషి ముఖం, ఎందుకంటే డబ్బులొచ్చేది అక్కడ. కొండా కోనా చాలా కిందిమెట్టు మీద. దొరలకు గోడ మీద ప్రకృతి దృశ్యం కావాలంటే ఇటలీ నుంచో హాలండ్ నుంచో తెప్పించుకునేవాళ్లు. తమ దేశపు చిత్రకారుడు తమ దేశపు నేలను గీస్తే కొనాలన్న ఆలోచన కొద్దిమందికే ఉండేది.

1750లో, ముప్ఫయ్యారేళ్ల వయసులో, చేతిలో రూపచిత్రాల పని ఉండగానే విల్సన్ ఇటలీ బయల్దేరాడు. ముందు వెనిస్. అక్కడ ఫ్రాన్సెస్కో జుకరెల్లి అనే ప్రకృతి చిత్రకారుడితో స్నేహం కుదిరింది. ఒకరోజు అతని కోసం ఎదురుచూస్తూ విల్సన్ పొద్దుపోక కిటికీలోంచి కనిపించే దృశ్యాన్ని గీశాడనీ, జుకరెల్లి వచ్చి చూసి 'నువ్వు ముఖాలు మానేసి ఇవే గీయ'మన్నాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. కథ ఎంతవరకు నిజమైనా, విల్సన్ గీసిన జుకరెల్లి రూపచిత్రం మాత్రం ఇవాళ్టికీ లండన్ టేట్ గ్యాలరీలో ఉంది. రోము చేరాక క్లాడ్ జోసెఫ్ వెర్నే అనే ఫ్రెంచి చిత్రకారుడు కూడా అదే మాట చెప్పాడంటారు. మొత్తానికి రోములో విల్సన్ దారి మారింది.

రోము నగరం చుట్టూ ఉన్న మైదానాన్ని కంపాన్యా అంటారు. ఆ మైదానాన్ని మనవాళ్లు చూస్తే కొత్తగా అనిపించదని నా నమ్మకం. కూలిన గుళ్లు, మొండి గోడలు, వాటి మధ్య మేసే పశువులు, మలేరియా జ్వరాలు. ఇంకా దక్షిణాన చిత్తడి నేలల్లో ఎనుములు కూడా మేసేవి. కొంచెం ఎత్తుకు పోతే ఆల్బానో, నేమీ సరస్సులు. ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతాల నోళ్లలో నిండిన నీళ్లవి. టివోలీ దగ్గర గుట్ట అంచు నుంచి దూకే జలపాతాలు, వాటి పైన శిథిలమైన గుడి. వెయ్యేళ్ల కిందట వైభవం చూసిన నేల, విల్సన్ నాటికి గొర్లకాపరుల చేతుల్లో ఉంది.

ఆ నేలను ఎలా చూడాలో విల్సన్‌కు నేర్పింది అప్పటికి చనిపోయి డెబ్బయ్యేళ్లయిన ఒక చిత్రకారుడు. క్లాడ్ లొరైన్ పుట్టుకతో ఫ్రెంచివాడు, బతికిందంతా రోములో. క్లాడ్ బొమ్మలో ముందు భాగం చీకటి. ఒక పక్కన నల్లటి పెద్ద చెట్టు, నాటకంలో పక్కతెరలా నిలబడి చూపును లోపలికి తోస్తుంది. మధ్యలో నీళ్లు. వాటి ఒడ్డున గుడో వంతెనో. ఆ వెనక కొండలు, వాటి వెనక మరిన్ని కొండలు, ఒక్కో వరుసకూ రంగు పలచబడుతూ నీలిలో కలిసిపోతాయి. వెలుగు చాలాసార్లు మనకు ఎదురుగా, బొమ్మ లోపలి నుంచే వస్తుంది. చూసేవాడికీ ఆ చివరి కొండకూ మధ్య ఎంత గాలి ఉందో కంటికి తెలుస్తుంది.

విల్సన్ నేర్చుకున్నది ఆ గాలిని గీయడం. 1753లో గీసిన 'విల్లా మదామా నుంచి రోము' చూడండి, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం బ్రిటిష్ కళాకేంద్రంలో ఉంది. పేరు రోము అని ఉంది గాని, నగరం ఎక్కడో దూరాన సన్నటి గీతలా ఉంటుంది. ప్రపంచాన్నేలిన ఊరు బొమ్మలో ఇంతే చోటు పట్టింది. మిగతాదంతా వాలుగా దిగే నేల, నది వంపు, చెట్లు, కుడి ఎడమలు లేకుండా పరుచుకున్న సాయంకాలం. దాని జంట బొమ్మలో జానిక్యులం గుట్ట మీది నుంచి సెయింట్ పీటర్స్ చర్చి కనిపిస్తుంది. అది టేట్‌లో ఉంది. రెండూ డార్ట్‌మత్ ప్రభువు కోసం గీసినవే. ఆయన కోసమే 1754లో విల్సన్ రోము పరిసరాలను అరవయ్యెనిమిది చిత్తరువుల వరుసగా గీశాడు. ఎక్కువగా బూడిద నీలి కాగితం, నల్ల సుద్ద, వెలుగు పడే చోట కాస్త తెల్ల సుద్ద. ఆ మూడింటితోనే మసక మధ్యాహ్నాలు, మబ్బు విడిచిన పొద్దులు దించాడు. వాటిలో పాతిక దాకా మాత్రమే ఇప్పుడు తెలుస్తున్నాయి. రంగు ముట్టుకోకుండా నీడల్లో ఎన్ని మెట్లు ఉంటాయో నేర్చుకోవాలనుకునే విద్యార్థికి వాటిని మించిన పాఠ్యపుస్తకం లేదు.

అక్కడ విల్సన్ నీలి కాగితాల మీద సుద్ద అరగదీస్తున్న ఆ సంవత్సరాల్లోనే ఇక్కడ హైదరాబాదు గద్దె కోసం కత్తులు దూసుకున్నారు. నాసర్ జంగ్, ముజఫర్ జంగ్ ఒకరి వెనక ఒకరు హతమయ్యారు. సలాబత్ జంగ్ పక్కన ఫ్రెంచి బుస్సీ నిలబడి ఉత్తర సర్కారులు రాయించుకున్నాడు. విల్సన్ ఇంగ్లండు తిరిగొచ్చే నాటికి, 1757 జనవరిలో, బొబ్బిలి కోట తగలబడింది.

లండన్‌లో మొదట్లో బాగానే సాగింది. 1760లో సొసైటీ ఆఫ్ ఆర్టిస్ట్స్ ప్రదర్శనలో 'నియోబీ సంతాన నాశనం' అనే పెద్ద చిత్రం పెట్టాడు. ఉరుము, మెరుపు, కొండచరియ, ఆకాశంలోంచి బాణాలు వేసే దేవుడు. రాజు కొడుకు కంబర్లాండ్ డ్యూక్ కొన్నాడు. విలియం వూలెట్ దాన్ని రాగిరేకు మీద చెక్కితే ఆ ముద్రణలు విరివిగా అమ్ముడుపోయాయి. జమీందార్లు తమ బంగళాలను కూడా అదే ఇటలీ వెలుగులో గీసిపెట్టమని పిలిచారు. ఇంగ్లండు చినుకుల కింద నానే తోటలు విల్సన్ కాన్వాసు మీద రోము సాయంత్రంలో వెచ్చబడ్డాయి.

నన్నడిగితే, 'నియోబీ' విల్సన్ బలం కాదు. రాయల్ అకాడమీ అధ్యక్షుడు జాషువా రేనాల్డ్స్ తరవాత ఒక ఉపన్యాసంలో ఇదే ఎత్తిపొడిచాడు. మామూలు నేల మీద దేవుళ్లను నిలబెడితే ఇమడదన్నాడు. రేనాల్డ్స్ ఉద్దేశం దేవుళ్లకు తగిన నేల కావాలని. నాకు మరోలా తోస్తుంది. విల్సన్ నేలకు దేవుళ్ల అవసరమే లేదు. ఆ సంగతి ఆయన చేతికి తెలుసు, కొనేవాళ్లకు తెలియలేదు.

1760ల్లో విల్సన్ వేల్స్ వైపు తిరిగాడు. డీ నది మీది హోల్ట్ వంతెన, స్నోడన్, కాడెర్ ఇద్రిస్ కొండలు. ఇక్కడ ఒక ప్రశ్న న్యాయంగానే వస్తుంది. వేల్స్ కొండ మీద ఇటలీ వెలుగు పోస్తే అది అబద్ధం కాదా? స్నోడన్ చిత్రంలో విల్సన్ కొండలను సర్దాడు. రెండు పక్కలా సరితూగేట్టు దిద్దాడు, గరుకుదనం తగ్గించాడు. ఆ కొండను ఎరిగినవాళ్లు తేడా పట్టేస్తారు. కానీ అంతకు ముందు ఆ కొండ వైపు ఎవరూ అలా తలెత్తలేదే! రోము దగ్గరి సరస్సుకు ఎంత మర్యాద దక్కుతుందో నాంట్లె సరస్సుకూ అంతే దక్కాలని ఒక కాన్వాసు మీద వాదించి గెలిచినవాడు విల్సన్. ఆ సర్దుబాటును నేను క్షమిస్తాను.

పైగా అక్కడితో ఆగలేదు. టేట్‌లో ఉన్న 'కాడెర్ ఇద్రిస్, లిన్ ఎ కౌ' చూస్తే ఇటలీ కరిగిపోవడం కనిపిస్తుంది. కొండ ఒడిలో ఒక గుండ్రటి చెరువు. దాని వెనక గోడలా లేచిన బోడి రాయి. గుడి లేదు, పక్కన చెట్టు లేదు, దేవుడు లేడు. ముందు చదునులో వేలెడంత మనుషులు. కొండ గోడను ఉన్నదానికన్నా కాస్త ఎత్తు పెంచాడంటారు. అయినా బొమ్మంతా రాయి, నీళ్లు, ఆకాశం, అంతే. ఇంత తక్కువతో అంతవరకు బ్రిటన్‌లో ఎవరూ బొమ్మ నిలబెట్టలేదు. విల్సన్ చిత్రాల్లో ఒక్కటే చూసే వీలుంటే నేను దీన్నే చూడమంటాను.

ఆ సాహసానికి బజారులో ధర పలకలేదు. 1768లో రాయల్ అకాడమీ పెట్టినప్పుడు విల్సన్ వ్యవస్థాపక సభ్యుల్లో ఒకడు. అయినా బేరాలు తగ్గాయి. మూడో జార్జి రాజు ఒక చిత్రానికి ధర ఎక్కువని గొణిగితే, 'ఒక్కసారి కట్టలేకపోతే వాయిదాల్లో కట్టమనండి' అని విల్సన్ కబురంపాడని ఒక కథ చెప్పుకుంటారు. ఆయన నోటిదురుసు గురించి ఇలాంటివి చాలా ఉన్నాయి. తాగుడు తోడైంది. 1776లో అకాడమీ గ్రంథాలయాధికారి పని ఇచ్చారు, ఏడాదికి యాభై పౌన్లు. చివరికి వేల్స్‌లో బంధువుల ఇంటికి చేరి 1782 మేలో కన్నుమూశాడు. మోల్డ్ అనే ఊరి చర్చి ఆవరణలో సమాధి ఉంది. పోయాక గాని విలువ తెలియలేదు. తరవాతి తరం చిత్రకారుడు టర్నర్ కుర్రవాడుగా ఉన్నప్పుడు విల్సన్ పుట్టిన ఊరు వెతుక్కుంటూ వేల్స్ వెళ్లాడు. మరో చిత్రకారుడు కాన్‌స్టబుల్ ఆయన బొమ్మలను తలుచుకుని ఉత్తరాల్లో పొంగిపోయాడు. ఇంగ్లండులో నిజాయితీగల ప్రకృతి చిత్రణ విల్సన్‌తోనే మొదలైందని కళావిమర్శకుడు రస్కిన్ రాశాడు.

ఇక శిష్యులు. థామస్ జోన్స్ కూడా వేల్స్ వాడే. గురువు దారిలో 1776లో ఇటలీ వెళ్లాడు. నేపుల్స్‌లో అద్దె ఇంట్లో ఉంటూ ఎదురుగా ఉన్న గోడను గీశాడు. పెచ్చులూడిన గోడ, ఒక కిటికీ, చిన్న బాల్కనీ, ఆరేసిన బట్టలు. పోస్టుకార్డు పాటి కాగితం. గురువు చూసిన ఇటలీ ఇందులో ఎక్కడా లేదు, చూడటం మాత్రం గురువుదే. జోన్స్ ఇలాంటి చిన్న బొమ్మలను తనకోసమే దాచుకున్నాడు. 1950లలో గాని అవి లోకం కంటపడలేదు. ఇప్పుడు ఆ గోడ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది.

రెండో శిష్యుడు మనకు కావలసినవాడు. విలియం హాడ్జెస్ లండన్‌లో ఒక కమ్మరి కొడుకు. కుర్రతనంలోనే విల్సన్ దగ్గర చేరాడు. తరవాత కెప్టెన్ కుక్ రెండో సముద్రయానంలో చిత్రకారుడిగా 1772 నుంచి 1775 దాకా తహితి, న్యూజిలాండ్, ఈస్టర్ దీవి చుట్టి వచ్చాడు. ఓడ మీదే తైలవర్ణాలతో ఎండను గీశాడు. 1780లో మద్రాసులో దిగాడు. భారతదేశానికి వచ్చిన తొలి వృత్తి ప్రకృతి చిత్రకారుడు ఆయనే అని చరిత్రకారులు అంటారు.

మద్రాసు అప్పుడు సగం తెలుగు ఊరు. దుబాసీలు, వర్తకులు, నేతగాళ్లు, రేవు కూలీలు, వీధుల్లో తెలుగు మారుమోగేది. అక్కడి నుంచి లోపలికి, ఉత్తరాన మన వైపు గాని, దక్షిణాన గాని తిరగాలని హాడ్జెస్ వచ్చి ఉంటే, అదే ఏడాది జులైలో హైదర్ అలీ కర్ణాటకం మీదికి దండెత్తాడు. దానికి తోడు జబ్బు. ఏడాది పాటు మద్రాసు పొలిమేర దాటలేక, 1781లో కలకత్తా ఓడ ఎక్కాడు. అక్కడ గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ ఆదరించాడు. గంగ ఒడ్డు, కాశీ ఘాట్లు, ఆగ్రా, మర్రిమానులు, మసీదులు, కొండకోటలు గీసి, ఇంగ్లండు వెళ్లాక నలభయ్యెనిమిది ముద్రణల సంపుటం తెచ్చాడు.

ఆ బొమ్మల్లో విల్సన్ చెట్టు పక్కన కనిపిస్తుంది, విల్సన్ వెలుగు నీళ్ల మీద కనిపిస్తుంది. అయితే హాడ్జెస్ 1787లో ఒక వ్యాసం రాశాడు. హిందూ, ముస్లిం, గోథిక్ కట్టడాలు వేటి పుట్టుక వాటిదనీ, అన్నిటినీ గ్రీకు కొలబద్దతో కొలవడం తప్పనీ అందులో వాదించాడు. కుంఫిణీ దొరల కాలంలో, ఇటలీని ఆరాధించిన గురువు శిష్యుడి నుంచి ఈ మాట రావడం చిన్న సంగతి కాదు. కళాచరిత్ర పుస్తకాలు దీన్ని ఒక వాక్యంతో దాటేయడం నాకు నచ్చదు.

హాడ్జెస్ వెనకే డేనియల్స్ వచ్చారు. థామస్ డేనియల్, సోదరుడి కొడుకు విలియం. 1786 నుంచి ఏడెనిమిదేళ్లు దేశమంతా తిరిగారు. 1792-93లో మద్రాసు నుంచి కన్యాకుమారి దాకా వెళ్లి గుళ్లూ గోపురాలూ గీశారు. వాళ్ల బండ్లు కూడా దక్షిణానికే మళ్లాయి. పాలంపేటలో 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి, దానికి దగ్గరలోనే అంత పెద్ద చెరువు, వెనక అడవి, క్లాడ్ లొరైన్ వచ్చి అమర్చిపెట్టినట్టే ఉన్న చోటు, ఆ శతాబ్దంలో ఏ కుంచె కంటా పడలేదు. పురావస్తు పరిశోధకుడు గులాం యాజ్దానీ పాలంపేట గుళ్ల మీద పుస్తకం రాసింది 1922లో.

ఇటలీ మన దగ్గరికి బొమ్మగా రాలేదు, భవనంగా వచ్చింది. 1803 ప్రాంతంలో హైదరాబాదు రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కోఠిలో కట్టించిన రెసిడెన్సీ, ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో పద్ధతిని ఇంగ్లండు మీదుగా తెచ్చుకున్న కట్టడం. ఆరు భారీ స్తంభాల ముఖమంటపం, ముందు విశాలమైన మెట్లు, అటూ ఇటూ సింహాలు. నక్షా గీసిన సామ్యూల్ రస్సెల్ తండ్రి జాన్ రస్సెల్ రాయల్ అకాడమీ చిత్రకారుడే. దశాబ్దాలుగా అది ఆడపిల్లల కళాశాల, ఇప్పుడు విశ్వవిద్యాలయం. దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. జనగామ జిల్లా పాలకుర్తిలో పండిన పంట దొరల పాలు కాకుండా కాపాడుకున్న ఆ తల్లి పేరు పల్లాడియో స్తంభాల మీదికి ఎక్కడం చూసి నాకు కలిగిన సంతోషం ఇంతింత కాదు.

మరి మన చిత్రకారులు ఏం చేశారు? భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గర పాండవుల గుట్ట ఉంది. పొరలు పొరలుగా పేర్చినట్టున్న ఇసుకరాతి కొండ. దాని గుహల్లో ఆదిమానవులు ఎర్ర రంగుతో జంతువులను, మనుషులను గీశారు. గుట్టే వాళ్ల కాన్వాసు, గుట్టను గీయాలన్న ఆలోచన వాళ్లకెందుకు వస్తుంది? తరవాత చేర్యాల నకాషీలు, పటాలు గీసేవాళ్లు. 2016 దాకా చేర్యాల జనగామ డివిజన్‌లోనే ఉండేది. బారెడు బారెడు బట్ట మీద కులపురాణాలు, ఎర్రటి నేపథ్యం, నిలువుగా సాగే కథ. అందులో చెట్టంటే ఒక గుర్తు, గుట్టంటే ఒక గుర్తు. అది లోపమనుకుంటే పొరపాటు. పటం పక్కన నిలబడి కథ చెప్పేవాడు ఉంటాడు. అడవి ఎంత చిక్కగా ఉందో అతని గొంతు చెబుతుంది. బమ్మెర పోతన గజేంద్రమోక్షంలో కొండను, అడవిని, కొలనును పేజీల కొద్దీ కట్టెదుట నిలిపింది కూడా ఈ జనగామ నేల మీదే. మనకు ప్రకృతి దృశ్యం ఉంది, చాలాకాలం అది చెవి ద్వారా అందింది.

కంటికి అందించినవారిలో ముఖ్యులు కొండపల్లి శేషగిరిరావు గారు. 1924 జనవరి 27న మానుకోట దగ్గర పెనుగొండలో పుట్టారు. హైదరాబాదులో చిత్రకళ నేర్చుకున్నారు. హైదరాబాదు ప్రముఖుడు మెహదీ నవాజ్ జంగ్ ఆ యువకుడిలోని పనితనం గుర్తించి శాంతినికేతన్ పంపడానికి అండగా నిలిచారు. అక్కడ నందలాల్ బోస్ గురువు. తిరిగివచ్చి హైదరాబాదు లలితకళల కళాశాలలో తరతరాల విద్యార్థులకు పాఠం చెప్పారు. 1975 ప్రపంచ తెలుగు మహాసభల నాటి తెలుగుతల్లి చిత్రం ఆయనదే. పోతన, శకుంతల, దమయంతి బొమ్మలు మన ఇళ్లలో తెలిసినవే. 2012లో కన్నుమూశారు.

నేను ఇక్కడ చెప్పదలచింది ఆయన రాళ్ల బొమ్మల గురించి. హైదరాబాదు చుట్టూ ఉన్న గుండ్లను ఆయన ఏళ్ల తరబడి గీశారు. ఒకదాని మీద ఒకటి నిలబడ్డ బండలు, వాటి పగుళ్లలోంచి పుట్టిన చెట్టు, బండ కింద చిన్న నీడ. శాంతినికేతన్‌లో చైనా, జపాన్ కుంచె పనికి చాలా గౌరవం ఉండేది. ఆ పద్ధతి ఈ రాళ్లలో కనిపిస్తుంది. పల్చటి నలుపు, కొద్ది గీతలు, చాలా ఖాళీ. శాంతినికేతన్ ఉన్నది ఎర్రమట్టి చదునుల మీద. అక్కడ ఇలాంటి గుండ్లుండవు. మానుకోట బిడ్డ బెంగాల్ పోయి, తూర్పు దేశాల కుంచె పట్టుకుని వచ్చి, పుట్టినప్పటి నుంచి చూస్తున్న రాయిని కొత్తగా చూశాడు. పెనెగోస్ బిడ్డ రోము పోయి వచ్చి స్నోడన్‌ను చూసినట్టే. విల్సన్‌కు ఇటలీ ఏమిచ్చిందో తెలియాలంటే మనం లివర్‌పూల్ దాకా పోనక్కర్లేదు, శేషగిరిరావు గారి రాళ్ల ముందు నిలబడితే చాలు.

ఈ రాళ్లు రెండు వందల యాభై కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. జనగామ, మానుకోట వైపు గుండ్రటి గుండ్లు. భూపాలపల్లి వైపు పొరల ఇసుకరాయి, దాని కింద బొగ్గు. మూడు జిల్లాల్లోనే చిత్రకారుడికి రెండు వేరు లోకాలు. గుండ్రటి రాయికి నీడ మెల్లగా తిరుగుతుంది, పొరల రాయికి అంచు దగ్గర తెగుతుంది. ఒకదానికి తడికుంచె కావాలి, ఇంకోదానికి పొడికుంచె.

ఈ రెండు లోకాలూ కరిగిపోతున్నాయి. గ్రానైటు క్వారీల కోసం గుట్టలు కోస్తున్నారు. బొగ్గు కోసం భూపాలపల్లిలో నేలను తలకిందులు చేస్తున్నారు. బతుకుదెరువు సంగతి నాకు తెలుసు, సింగరేణి జీతంతో నిలబడ్డ ఇళ్లెన్నో. కానీ పోయిన గుట్ట ఆకారం ఏమిటో పదేళ్ల తరవాత పిల్లవాడికి చూపడానికి ఏమైనా ఉండాలి. సెల్‌ఫోన్ ఫొటోలు వేలున్నాయి, వాటిలో గుట్ట మన వెనక ఉంటుంది.

బడుల్లో బొమ్మల పోటీ పెట్టి 'ప్రకృతి దృశ్యం గీయండి' అనండి. నూటికి తొంభైమంది రెండు మూడు త్రికోణపు కొండలు, మధ్యలో సూర్యుడు, కొండ సందులోంచి ఏరు, ఏటి పక్కన గుడిసె, కొబ్బరిచెట్టు గీస్తారు. త్రికోణపు కొండ ఈ మూడు జిల్లాల్లో ఎక్కడుంది? కొబ్బరిచెట్టు పెరట్లో ఒకటి ఉంటే ఉండొచ్చు, పొలం గట్టున ఉండేది తాటి. పిల్లల తప్పు కాదు, వాళ్లకు అదే నేర్పారు. విల్సన్ కాలపు లండన్ దొరలు కూడా తమ నేలను వదిలి ఇటలీని గోడకు తగిలించుకున్నారు. డ్రాయింగ్ పీరియడును నెలకొకసారి చెరువు కట్ట మీదికి మార్చమని ఉపాధ్యాయులను అడుగుతున్నాను. అట్ట ముక్క, క్లిప్పు, పెన్సిలు చాలు.

ఎక్కడికి పోవాలంటే, మొదట ఘనపురం. కాకతీయుల నాటి కోటగుళ్లు, రెండు ప్రహరీల లోపల ఇరవైకి పైగా చిన్నా పెద్దా గుడులు. సగం నిలబడి, సగం ఒరిగి. పక్కనే గణపసముద్రం చెరువు. గుడులనూ చెరువునూ ఒకే బొమ్మలో పట్టాలని మొదటిరోజే ఆశపడొద్దు, ఒక మూల స్తంభం చాలు. తరవాత బయ్యారం పెద్దచెరువు. గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ తవ్వించింది. అక్కడి శాసనమే కాకతీయుల వంశక్రమం చెప్పే పెద్ద ఆధారాల్లో ఒకటి. అక్కడ నీటికి అవతలి గుట్టల వరుసను గీయండి, ఒక్కో వరుసకూ పెన్సిలు ఒత్తిడి తగ్గిస్తూ పొండి. జనగామ పిల్లలకు షాపూర్ కోట ఉంది, పాపన్న కట్టించిన గోడలు ఊళ్లోనే ఉన్నాయి.

కార్తీకం దాటాక చెరువులు నిండుగా ఉంటాయి, ఎండ వాలుగా పడుతుంది, మబ్బుల గొడవ తక్కువ. మధ్యాహ్నం మూడున్నరకు చేరుకుని ముందు నీడలు గీసుకోండి. అవి తొందరగా జరిగిపోతాయి. విల్సన్ లాగా నీలి లేదా బూడిద రంగు కాగితం దొరికితే మంచిది, నల్ల సుద్దకు బదులు బొగ్గు ముక్క పనికొస్తుంది. తెల్ల సుద్ద మాత్రం అయిదు గంటల దాకా జేబులోంచి తీయొద్దు.